ఒసేయ్ అనే మనిషి

అరవై దాటాక మనిషికి మర్యాద పెరుగుతుంది. కూరగాయల బండివాడు 'మామ్మగారూ' అంటాడు. బ్యాంకులో అడక్కుండానే కుర్చీ చూపిస్తారు. కోడలు 'అత్తయ్యగారూ' అంటుంది. మా ఆయన కూడా నలుగురిలో 'మా ఆవిడగారు' అంటున్నాడు. అది గౌరవమో వెటకారమో ఇంకా తేల్చుకోలేదు. ఈ మర్యాదలన్నిటి కింద ఎక్కడో ఒక పిల్ల ఉంటుంది. ఆ పిల్లని 'ఒసేయ్' అని పిలిచేవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే తగ్గిపోతారు. మా అమ్మ పోయింది, మా అక్క పోయింది. చివరికి నాకు మిగిలింది వకుళ ఒక్కతే.

వకుళా నేనూ కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గది. చదువయ్యాక అది విశాఖపట్నంలో కాపరం పెట్టింది, నేను రాజమండ్రిలో. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, బదిలీలు, అత్తగార్ల ఆయుర్దాయాలు, ఇన్నిటి మధ్య నుంచి మా స్నేహం ఎలా బతికి బయటపడిందో నాకే తెలీదు. ఆదివారం మధ్యాహ్నం, ఇళ్ళలో మగవాళ్ళు భోంచేసి నడుం వాల్చే వేళకి ఫోను మోగేది.

"ఒసేయ్ హైమా, ఉన్నావా, పోయావా?"

"పోతే ముందు నీకే కబురు చేస్తానే. చెప్పు."

ఆ తర్వాత లంగా తగువు మొదలయ్యేది. మేం రెండో ఏడాదిలో ఉండగా తుపాను గాలికి హాస్టలు డాబా మీద ఆరేసిన నీలం లంగా ఒకటి ఎగిరివెళ్ళి కాలేజీ జెండా కర్రకి చిక్కుకుంది. ప్రిన్సిపాలుగారు దానికి వందనం చెయ్యలేదు గానీ మిగతా తతంగమంతా జరిగింది. ఆ లంగా నాదని అది, దానిదని నేను, అప్పట్నించీ వాదించుకుంటూనే ఉన్నాం. సాక్షులు లేరు, తీర్పు లేదు. తీర్పు వస్తే ఆదివారాలు ఏం చేసుకోవాలి?

పోయిన వానాకాలంలో వకుళకి మెదడువాపు జ్వరం వచ్చింది. మనిషి దక్కింది, జ్ఞాపకాలు దక్కలేదు. కొత్తవి బాగానే నిలుస్తున్నాయి. నిన్న ఏం వండిందో చెబుతుంది. వంట మరిచిపోలేదు, పేపర్లో గళ్ళనుడికట్టు మరిచిపోలేదు. మనుషుల్ని మాత్రం ఒక్కర్నీ మిగల్చకుండా ఊడ్చేసింది జ్వరం.

చూడ్డానికి వెళ్ళాను. గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"రండి, కూర్చోండి. మీరు..."

"హైమవతిని."

"హైమవతిగారా! మీ గురించి వీరు చెప్పారండీ. కాఫీ తీసుకుంటారా?"

కాఫీ ఎప్పటిలాగే చిక్కగా, చేదుగా ఉంది. గ్లాసు అందిస్తూ చెంగు సర్దుకుంది. తడిజుట్టుతో నా పక్కమీద పడి దొర్లి, నా దిండు తడిపి, 'అదే ఆరుతుందిలేవే' అన్న మనిషి నా ముందు చెంగు సర్దుకుంది. ఆ గ్లాసు కింద పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

'వీరు' అంటే భీమశంకరంగారు, వకుళ భర్త. ఓడరేవులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మాట పొదుపు. నేను ఫోను చేసినప్పుడు ఆయన తీస్తే 'ఉంది' అనేవారు, అంతే, ఫోను చేతులు మారేది. ఓడల్లోంచి సరుకు దింపినట్టు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు. స్నేహితురాలి మొగుణ్ణి ఇంకేమని పిలుస్తాం? ఆ పిలుపుకి మించి మా మధ్య సంభాషణ ఎప్పుడూ జరిగినట్టు లేదు.

ఆవేళ మాత్రం నన్ను గేటు దాకా సాగనంపుతూ నోరు విప్పారు.

"చెల్లెమ్మా, నీతో ఒక పని పడింది. కొండమీద ఒక లేబరేటరీ ఉంది. ఒకరి జ్ఞాపకాలు తీసి ఒకరికి పోస్తారట. ముందు చిన్నతనంవీ చదువునాటివీ పోయాలట, అవి నిలిస్తే తర్వాతవి నిలుస్తాయట. దాని పుట్టింటి వైపు ఎవరూ మిగల్లేదు. చదువునాటివి నీ దగ్గరే ఉన్నాయి."

"తర్వాతవి మీరిస్తారా?"

ఆయన గేటు గడియ కాసేపు అటూ ఇటూ తిప్పారు. "నా దగ్గర ఏమున్నాయమ్మా? ఉద్యోగం చేశాను."

లేబరేటరీ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. రెండు కుర్చీలు, వాటిమీద బ్యూటీ పార్లర్లలో జుట్టు ఆరబెట్టే గంపల్లాంటివి రెండు, మధ్యలో పళ్ళెం నిండా చిన్న చిన్న సీసాలు. సీసాల్లో వాసనలు: కుంకుడురసం, తడిసిన సుద్దముక్క, కిరసనాయిలు, హాస్టలు సాంబారు. ఆ చివరిది ఎలా పట్టారో గానీ ఎందుకు పట్టారో నాకు అర్థం కాలేదు. దాన్ని మరిచిపోవడానికే సగం జీవితం పట్టింది.

"దీన్ని మేం కలబోత అంటాం ఆంటీ," అంది సుహాసిని. ఆ ప్రయోగమంతా ఆవిడదే. మా అబ్బాయి వయసుంటుంది.

"మేమూ అదే అంటామమ్మా. నలుగురు ఆడవాళ్ళం చేరితే కష్టసుఖాలు కలబోసుకుంటాం. దానికింత కరెంటు ఎప్పుడూ కాల్లేదు."

నవ్వింది. నవ్వు ఆపి, నా చెయ్యి పట్టుకుంది. "ఒక సంగతి గుర్తుకొచ్చినప్పుడు ఆ జ్ఞాపకం కాసేపు మూత తీసిన జాడీలా ఉంటుంది ఆంటీ. మళ్ళీ మూత పడేలోగా మేం తీసుకుంటాం."

"తీస్తే నాకు తరుగుతుందా?"

"తరగదు. పాడవుతుంది. జరిగిందని మీకు తెలుస్తూనే ఉంటుంది. కానీ మీకు జరిగినట్టుండదు. పేపర్లో చదివినట్టుంటుంది."

"తడిచెయ్యి పెట్టిన ఆవకాయ."

"అంతే ఆంటీ. ఇంట్లో మాట్లాడి రండి."

ఇంట్లో మాట్లాడాను. "స్నేహాలన్నీ ఇచ్చెయ్యి, ఆవకాయ కొలతలు మాత్రం ఇవ్వకు," అన్నాడు మా ఆయన పేపరు వెనకనుంచి. చాలాసేపటిదాకా పేజీ తిరగెయ్యలేదు. చివరికి పేపరు దించి అడిగాడు. "మరి నీకేం మిగుల్తుందోయ్?"

"వకుళ మిగుల్తుంది."

నాకు అది మంచి బేరంగానే కనిపించింది. నా దగ్గర రుచి పోయినా దాని దగ్గర ఉంటుంది. ఆదివారం ఫోను చేస్తుంది. ఒసేయ్ అంటుంది. కాస్త చప్పబడ్డ మనిషినైనా పలుకుతాను. అంతకంటే నాకేం కావాలి?

కలబోత వారం పాటు సాగింది. పక్క కుర్చీలో వకుళ కళ్ళు మూసుకుని కూచునేది. సుహాసిని నా ముక్కు దగ్గర ఒక్కో సీసా పెట్టేది. అంతే, నేను వెళ్ళిపోయేదాన్ని. కుంకుడురసానికి వకుళ తల నా మోకాళ్ళ మీద వాలేది, 'కళ్ళల్లో పొయ్యకే రాక్షసీ' అని అరిచేది. కిరసనాయిలుకి పరీక్షల ముందు కరెంటు పోయిన సాయంత్రాలు వచ్చేవి. సుద్దముక్కకి ఎకనామిక్స్ క్లాసులో అది నా భుజం మీద తీసిన కునుకు. ఆఖర్న వకుళ పెళ్ళి, ఆ తర్వాత దాని ఇంట్లో నేను తిన్న భోజనాలు, భీమశంకరంగారి 'ఉంది'లు, అన్నీ వెళ్ళాయి.

ఒక్కటి మాత్రం చివరిదాకా వెనకేశాను. చివరిరోజున సుహాసిని బస్సు డీజిలు వాసన ఉన్న సీసా తీసింది. వద్దందామనుకున్నాను, అనలేదు.

మా నాన్న పోయారని హాస్టలుకి కబురొచ్చిన రోజు. నేను చెప్పుల్లేకుండా పరిగెత్తి బస్సెక్కాను. బస్సు కదిలాక చూస్తే వకుళ ఎక్కి ఉంది, చేతిలో నా చెప్పులు.  ఊరొచ్చేదాకా వాటిని ఒళ్ళో పెట్టుకుని కూచుంది, పసిపిల్లని పెట్టుకున్నట్టు. దిగేటప్పుడు వంగి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

ఆ సాయంత్రం బీచిరోడ్డు మీద నడుస్తూ దాన్ని తల్చుకుని చూశాను. ఒకమ్మాయి ఇంకొకమ్మాయి చెప్పులు పట్టుకుని బస్సెక్కింది. మంచి పిల్ల, అనిపించింది. అంతే. కాసేపు ఆగి మళ్ళీ తల్చుకున్నాను. మళ్ళీ మంచి పిల్లే. పల్లీలు కొనుక్కుని తిన్నాను.

పోసినవి కుదురుకోవడానికి కొన్నాళ్ళు ఆగాలన్నారు. ఆ తర్వాత మమ్మల్ని రమ్మన్నారు. భీమశంకరంగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక వెనక్కి కట్టుకున్నారు. జ్వరం తర్వాత వకుళ ఆయన్ని 'ఏవండీ' అనే పిలుస్తోంది. ఎవరో చెబితే నేర్చుకున్న పిలుపు. నేర్చుకోని 'ఏవండీ' ఒక్కటి వినాలని ఆయన కోరిక. నాకు కావలసింది ఏమిటో మీకు తెలుసు.

లోపలి గదిలోంచి వకుళ వచ్చింది. మొహం తేటగా ఉంది. ఆయన్ని చూసింది. కళ్ళల్లో గుర్తుపట్టిన వెలుగు, అనుమానం లేదు.  వకుళ చెంగు సర్దుకుని చేతులు జోడించింది.

"నమస్తే అన్నయ్యగారూ! బాగున్నారా? వకుళ రాలేదా?"

సుహాసిని చేతిలో పెన్ను కింద పడింది. భీమశంకరంగారు అలవాటు కొద్దీ తిరిగి చేతులు జోడించారు. "బాగున్నానమ్మా," అన్నారు. ఆ తర్వాత ఆ చేతులు దించడం మరిచిపోయారు.

ఎవరూ తప్పు చెయ్యలేదు. అదే దారుణం. నా జ్ఞాపకాల్లో నేను ఎక్కడా లేను. ఎవరి జ్ఞాపకాల్లో వాళ్ళ మొహం వాళ్ళకి కనిపించదు కదా. నా కళ్ళ ఎదురుగా ఎప్పుడూ ఉన్నది వకుళ. ఆ కళ్ళే పట్టుకెళ్ళి దానికి పెట్టాం. అది ఇప్పుడు నేనై, వకుళ కోసం వెతుకుతోంది. నాకు అన్నయ్యగారైనవాడు దానికీ అన్నయ్యగారే అయ్యాడు.

"ఇంతకుముందు చేసినవాళ్ళకి కూడా మొదట్లో కొంచెం తికమక ఉండేది ఆంటీ," అంది సుహాసిని. పక్క గదిలో తలుపు వేసి మాట్లాడుతున్నాం. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. "రెండ్రోజుల్లో సర్దుకునేది. వాళ్ళ సొంతవి ఏ మూలో కొన్ని మిగిలి ఉండేవి. పోసినవి వాటికి అతుక్కునేవి. ఈవిడకి..."

"తోడు చుక్క కూడా లేదు," అన్నాను. "పాలు పాలుగానే ఉండిపోయాయి."

"నేను చూసుకోవలసింది."

"నావి కూడా పోస్తే?" అన్నారు భీమశంకరంగారు. "ఏవో ఉంటాయిగా. వెతికిస్తాను."

సుహాసిని తల అడ్డంగా ఊపింది. "అప్పుడు ఆవిడ మీరై వకుళగారి కోసం వెతుకుతారు సార్."

అందరి దగ్గరా వకుళ ఉంది. వకుళ దగ్గరున్న మేము మాత్రం ఎక్కడా లేం. జ్వరంలో కాలిపోయింది వకుళ ఒక్కతే అనుకున్నాం ఇన్నాళ్ళూ. దానిలో ఉన్న ఆ ఇంకో హైమ, ఆ ఇంకో భీమశంకరం కూడా పోయారని ఆ గదిలో నిలబడ్డాక తెలిసింది.

నేను లోపలికి వెళ్ళి దాని పక్కన కూచున్నాను.

"నీ పేరు... మీ పేరు ఏమిటండీ?" అని అడిగాను.

"వకుళ అని వీళ్ళంతా చెప్పారు. నమ్ముతున్నానండీ. అద్దంలో కూడా చూసుకున్నాను." నవ్వింది. "కానీ నాకు తెలిసిన వకుళ వేరు. సన్నగా, చువ్వలా ఉంటుంది. నోరు పెద్దది. ఇవన్నీ మీ జ్ఞాపకాలేనట కదా, డాక్టరమ్మ చెప్పింది. అయినా నావిగానే ఉన్నాయండీ. ఏం చెయ్యను?"

"ఏం చెయ్యక్కర్లేదు."

"ఆ నీలం లంగా దానిదే, తెలుసా మీకు? ఒప్పుకోదు. ఎంత అబద్ధాలకోరో!"

ఇన్నేళ్ళ తగువు గెలిచాను. ఎదుటి పక్షమే వచ్చి నా వైపు సాక్ష్యం చెప్పింది. నేను మాత్రం లంగా రంగు కూడా ఊహించుకోలేకపోయాను. ఎవరిదయితే ఏమిటి అనిపించింది.

సుహాసిని మమ్మల్నందర్నీ కూచోబెట్టి ఒక దారి చెప్పింది. పోసినవి ఇంకా గట్టిపడలేదు. చుక్క మిగలకుండా తిరిగి తీసి నాకు పోసెయ్యవచ్చు. ఎవరివి వాళ్ళకి చేరితే పాడవ్వవు. నా రుచి నాకు వస్తుంది. వకుళ మునుపటిలా అవుతుంది.

"మునుపటిలా అంటే ఖాళీగా," అన్నాను.

"ఖాళీగానే. కానీ సార్‌ని మళ్ళీ 'ఏవండీ' అంటారు. నేర్చుకుని."

భీమశంకరంగారు వెంటనే తల ఊపారు. ఆ క్షణంలో ఆయన్ని తప్పు పట్టలేను. పెళ్ళాం చేత అన్నయ్యగారూ అనిపించుకుని ఎవరు ఇంటికి వెళ్ళగలరు? ఇక నా సంగతంటారా, నా చెప్పులు నాకు కావాలనిపించింది. ఆ బస్సు, ఆ ఒడి, వంగిన ఆ తల కావాలనిపించింది. కావాలని అనిపించడం కూడా ఎవరో చెబితే అనిపించినట్టే ఉంది, అయినా అనిపించింది.

ఇదంతా వకుళ ఎదుటే మాట్లాడుకున్నాం. పెద్దవాళ్ళం, చదువుకున్నవాళ్ళం. దాన్ని ఒక మాట అడగాలని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. చివరికి వకుళే నోరు విప్పింది.

"నన్నో మాట చెప్పనిస్తారా?"



"జ్వరం తగ్గి కళ్ళు తెరిస్తే ఇంటినిండా మనుషులండీ. అందరూ మంచివాళ్ళే. ఒక్కళ్ళూ నావాళ్ళు కారు. అందరికీ కాఫీలిచ్చాను." ఒళ్ళో చేతులకేసి చూసుకుంది. "ఇప్పుడు ఒక్కతి ఉంది. అది నేనేనని మీరంటున్నారు. అవునేమో. మా నాన్న పోయినరోజున నా వెనకే బస్సెక్కింది. అలాంటి మనిషి ఒకతె ఈ భూమ్మీద ఉందంటే నాకు ధైర్యంగా ఉంటోందండీ. ఇప్పుడు దాన్ని కూడా తీసేస్తారా?"

 సుహాసిని నావైపు చూసింది. తీసుకోవలసింది నేను. తలకి ఆ గంప పెట్టుకుంటే చాలు.

నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకూ అంటే గొప్ప కారణం చెప్పలేను. ఆ చెప్పులు నా దగ్గర ఉన్నప్పుడు ఏడాదికి ఒకసారి తల్చుకునేదాన్నేమో. దాని దగ్గర అవి పనిచేస్తున్నాయి.

"అన్నయ్యగారూ, మీరేమంటారు?" అన్నాను. వకుళ కూడా అప్పుడే 'అన్నయ్యగారూ' అనబోయి నన్ను చూసి ఆగిపోయింది.

ఆయన లేచి కుర్చీ ఈడ్చుకుని వకుళ ఎదురుగా వేసుకున్నారు. దగ్గరగా వెయ్యబోయి, కొంచెం వెనక్కి జరిపారు. చుట్టపుచూపుగా వచ్చిన అన్నగారు ఎంత దూరంలో కూచుంటాడో సరిగ్గా అంత దూరంలో కూచున్నారు.

"చెల్లెమ్మా," అన్నారు.

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత పట్టిందో ఆయన మెడ మీద నరం చెప్పింది.

"నేను పెళ్ళినాటినుంచీ చూశాను వకుళని. అంతకుముందు ఎలా ఉండేదో నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు. నువ్వు చెబుతావా?"

వకుళ మొహం విచ్చుకుంది. కాళ్ళు పైకి తీసుకుని కుర్చీలో బాసింపట్టు వేసుకుంది. "మీతో చెప్పానని తెలిస్తే చంపేస్తుంది నన్ను. చెప్పనని ఒట్టెయ్యండి."

"ఒట్టు."

"దానికి సైకిలొచ్చు."

"వకుళకా!"

"వచ్చా ఏంటండీ, చేతులొదిలేసి తొక్కేది! హాస్టలు మేడమ్‌కి తెలీకుండా అద్దె సైకిలు తెచ్చేది. మీరేమో పెళ్ళయ్యాక గుడికి కూడా రిక్షాలో తీసుకెళ్ళేవారు. అది రిక్షాలో కూచుని లోపల నవ్వుకునేదిట."

భీమశంకరంగారు నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఇంకా చెప్పమ్మా," అన్నారు.

వకుళ నావైపు తిరిగింది. "మీరు నిలబడ్డారేమండీ? కూచోండి. మీకివన్నీ తెలిసినవే కదా, విసుగ్గా ఉంటుందేమో."

"లేదండీ," అన్నాను. నిజమే చెప్పాను. "చెప్పండి."

కూచున్నాను. అది చెప్పడం మొదలుపెట్టింది. నేను కథ వింటున్నట్టే విన్నాను. హాస్టలు మేడ, కింద వేపచెట్టు, చెట్టు కింద సైకిలు, సైకిలు మీద ఒక పిల్ల. ఎవరో కిటికీలోంచి భయంగా తొంగిచూస్తూ రానంటోంది.

"అది అక్కణ్ణించే అరిచేదండీ, వీధి వీధంతా వినబడేలా," అంది వకుళ. ఎలా అరిచేదో చూపించడానికి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. గొంతు ఎత్తింది. ఆ గొంతు దానిదే. జ్వరం దాన్ని ముట్టుకోలేదు.

"ఒసేయ్ హైమా! దిగవే! ముసలిదానివయ్యాక దిగుతావా?"

"వస్తున్నానే!" అన్నాను.

లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలీదు. భీమశంకరంగారూ సుహాసినీ నన్నే చూస్తున్నారు.

వకుళ కథ ఆపి, నొచ్చుకుంటున్నట్టు నావైపు చూసింది.

"మిమ్మల్ని కాదండీ," అంది మర్యాదగా.

"తెలుసండీ," అన్నాను. మళ్ళీ కూచున్నాను. "తర్వాత ఏమైంది? ఆ పిల్ల దిగిందా?"